నోవహు తాత బండి

మేబెల్ టీచర్, బ్రహ్మచారి అనే వడ్రంగి షెడ్డు ముందు ఆటో దిగేసరికి ఉదయం ఎనిమిది గంటలైంది. బ్రహ్మచారి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు చెక్కపని చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకొని తలుపులూ మంచాలూ చేస్తుంటాడు. ఆయన తాతలు బండి చక్రాలు చేసినవాళ్లు. ఆ చుట్టుపక్కల ఆ పని తెలిసిన మనిషి ఆయనొక్కడే మిగిలాడు.

"చారిగారూ, మీరు మాకో ఎడ్లబండి చేసిపెట్టాలి," అంది మేబెల్ కుర్చీలో కూర్చుంటూనే. "పాతకాలం బండి. చెక్క చక్రాలు, ఇనుప పట్టా, పైన చాప గూడు. మా నోవహు తాతయ్య బందరు నుంచి వచ్చాడే, అలాంటిది."

బ్రహ్మచారి చిత్రిక పక్కన పెట్టి గట్టిగా నవ్వాడు.

"గిదేంది టీచరమ్మా! నిన్న పొద్దుమూకంగ మీ తమ్ముడు ఆర్థర్ సాబ్ సుత గదే కుర్చీల కూసోని గదే మాట జెప్పిండు. నోవహు తాత బండి గావాల్నట."

మేబెల్ ముఖంలో నవ్వు మాయమైంది. కుర్చీ కొసకు జరిగింది, తమ్ముడు కూర్చున్న చోట కూర్చున్నందుకే అన్నట్టు.

అది 2006. సికింద్రాబాద్‌కు రెండు వందల ఏళ్లు నిండిన సంవత్సరం. ఏడాది పొడుగునా ఏవో ఉత్సవాలు జరుగుతూనే ఉన్నాయి. డిసెంబరు మొదటి ఆదివారం బస్తీల వాళ్లందరూ కలిసి ఊరేగింపు తీయాలని, ఎవరి కథ వాళ్లు చూపించుకోవాలని అనుకున్నారు. లాలాగూడ తెలుగు క్రైస్తవులకు చూపించుకోవడానికి ఉన్నది ఒకటే కథ. బెజవాడ నుంచి ఇటు రైలు దారి ఇంకా పడని రోజుల్లో నోవహు అనే పంతులు భార్య కాంతమణినీ ఇద్దరు పసిపిల్లల్నీ బండిలో ఎక్కించుకొని, బందరు నుంచి ఇరవై మూడు రోజులు ప్రయాణం చేసి ఇక్కడికొచ్చాడు. ఇల్లు దొరికేదాకా బండి నీడలోనే రైలు పనివాళ్ల పిల్లలకు అక్షరాలు దిద్దించాడు. ఆ బడే తర్వాత చర్చి అయింది. మేబెల్ ఆయనకు మునిమనవరాలు. ఆర్థర్ మునిమనవడు.

చిక్కేమిటంటే, ఇప్పుడు చర్చిలు రెండు. పన్నెండేళ్ల కింద పాత భవనాన్ని బాగుచేయాలా, పడగొట్టి కొత్తది కట్టాలా అన్న పంచాయితీలో సంఘం రెండుగా చీలింది. కొత్తది కావాలన్న వాళ్లు బయటికి పోయి రెండు వీధుల అవతల కట్టుకున్నారు. ఆర్థర్ వాళ్లతో వెళ్లాడు. మేబెల్ పాత చర్చిలోనే ఉండిపోయింది. ఆ మరుసటి ఏడు వాళ్ల అమ్మ ఎలీసబెతు చనిపోయింది. సమాధుల దొడ్లో ప్రార్థన ఎవరి పాస్టర్ చేయాలన్న దగ్గర రెండు వైపుల పెద్దలూ శవపేటిక ముందే కేకలేసుకున్నారు. ఆర్థర్ మధ్యలోనే వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు.

ఆ చావు గురించి మేబెల్ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. పదకొండేళ్లుగా మోస్తూనే ఉంది.

"ఆయనకు చేసి ఇచ్చేయండి. నేను ఇంకెవరినైనా చూసుకుంటాను," అని లేచింది.

"ఇంకెవ్వడు లేడమ్మా, అది నాకెర్కె, నీకెర్కె. జెర కూసో." బ్రహ్మచారి మొలలో గుచ్చిన పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకున్నాడు. "నాకు అరవై ఎనిమిదేండ్లు. ఒక్క బండి జేసే తాకత్ ఉన్నది, రెండు జెయ్యలేను. అయినా తాత ఒక్కడే, వచ్చింది ఒక్క బండి. రెండు బండ్లు పోతుంటే జనం నవ్వరా? వచ్చే ఐతారం మూడు గొట్టంగ నువ్వు రా, ఆయనను సుత రమ్మంట. ఇద్దరు నా ముంగట ఒప్పుకుంటే చేస్తా. లేకుంటే లేదు."

ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఆర్థర్ రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. మూడు కొట్టడానికి రెండు నిమిషాల ముందే వచ్చి నిలబడ్డాడు. మేబెల్ మూడుంబావుకు వచ్చింది. బ్రహ్మచారి భార్య కమలాబాయి ఇద్దరికీ టీ ఇచ్చి తలుపు దగ్గరే నిలబడి వింది. తర్వాత వారం రోజులపాటు ఆ మాటలు తలుచుకొని నవ్వుకుంది.

"చారన్నా, చౌటుప్పల్ నుంచి బయల్దేరితే బాగుంటుందని చెప్పు. బందరు రోడ్డు అదే. మొత్తం చేయలేం గాని, మూడు రోజుల దారి చేయొచ్చు," అన్నాడు ఆర్థర్.

"చారిగారూ, చౌటుప్పల్ మాకూ సమ్మతమే అని చెప్పండి," అంది మేబెల్.

"శుక్రవారం పొద్దున ఆరింటికి స్టార్టింగ్. ఆదివారం నాలుగింటికి ఊరేగింపులో ఉండాలి. టైమ్ తప్పొద్దని చెప్పు."

"ఎడ్లకు గార్డు ఈల వినిపించదని చెప్పండి."

బ్రహ్మచారి ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పి తిప్పి అలిసిపోయాడు. "నా మెడ ఇరుగుతుంది గాని, పని షురూ జేస్తున్న," అన్నాడు.

నల్లతుమ్మ మొద్దులు వచ్చాయి. బ్రహ్మచారి నెలన్నర రోజులు పనిచేశాడు. చక్రం నడుమ దిమ్మె చెక్కాడు, అందులోకి ఆకులనే అడ్డ కర్రలు దిగ్గొట్టాడు, వాటి చుట్టూ వంపు చెక్కలు ఒకదానితో ఒకటి కలిపాడు. ఇనుప పట్టా ఎక్కించే రోజు మాత్రం మనుషులు కావాలన్నాడు. రెండు చర్చిల నుంచి పది పదిమంది వచ్చి షెడ్డు ముందు రెండు గుంపులుగా నిలబడ్డారు. పిడకల మంటలో పట్టా ఎర్రగా కాలింది. దాన్ని పటకార్లతో నలుగురు పట్టుకొచ్చి చక్రం మీద దించాలి. వెంటనే సుత్తులతో కొట్టాలి, చెక్క అంటుకోక ముందే నీళ్లు పోయాలి. ఒక్కరు ఆలస్యం చేసినా చక్రం కాలిపోతుంది.

"ఎవ్వరు ఏ చర్చో నాకెర్కలేదు!" అని అరిచాడు బ్రహ్మచారి. "నీళ్లు! నీళ్లు పొయ్యుండ్రి!"

ఒక్కసారిగా అందరూ ఉరికారు. బిందెలు చేతులు మారాయి. ఆవిరి బుస్సుమని లేచి ఎవరు ఎవరో కనబడలేదు. ఇనుము బిగుసుకుంటూ చెక్కల్ని కిర్రుమని నొక్కింది. ఆవిరి తగ్గాక చూస్తే మేబెల్ చేతిలోని ఖాళీ బిందె అందుకొని నిండు బిందె ఇచ్చింది ఒక పొడుగాటి అమ్మాయి. జడ తడిసి ముద్దైంది. ఆమె ఆర్థర్ కూతురు దేవకృప. మేబెల్ ఆఖరిసారి దగ్గర్నుంచి చూసినప్పుడు ఆ పిల్ల ఆరో తరగతి.

"బాగున్నావా అత్తా?" అంది దేవకృప.

"బాగున్నానే," అంది మేబెల్. "జడ పిండుకో, జలుబు చేస్తుంది."

*

ముందురోజే విడిభాగాలుగా తెచ్చి బిగించిన బండి శుక్రవారం ఉదయం చౌటుప్పల్ బస్టాండు అవతలి నుంచి బయల్దేరింది. ఎడ్లు వీరయ్యవి. ఆయనది పక్క ఊరే. ఎకరన్నర మెట్ట చెలక, ఒక జత తెల్ల ఎడ్లు. ముందు ఒప్పుకోలేదు. "రోడ్డు మీద లారీలు మోతగొడ్తయి, ఎడ్లు బెదురుతయి," అన్నాడు. బ్రహ్మచారి వెళ్లి చక్రం చూపిస్తానని పిలుచుకొచ్చాక, ఆ చక్రాన్ని చేత్తో తడిమి చూసి మెత్తబడ్డాడు. రబ్బరు టైర్ల బండ్లు వచ్చాక అటువంటి చక్రం ఆయన ఇరవై ఏళ్లుగా చూడలేదు.

పాత చర్చివాళ్లు తొమ్మిది మంది, కొత్త చర్చివాళ్లు పదకొండు మంది వెంట నడిచారు. బ్రహ్మచారి చక్రాలకు నూనె వేసే డబ్బా పట్టుకొని వెనక నడిచాడు. నోవహు వేషం ఆర్థర్‌ది, తెల్ల పంచె, పొడవు కోటు, తలపాగా. కోటు జేబులో మాత్రం గంటగంటకూ ఎక్కడుండాలో రాసుకున్న కాగితం. కాంతమణి వేషంలో దేవకృప గూడు కింద కూర్చుంది. మేబెల్ వేషం కట్టలేదు. కాన్వాస్ బూట్లు వేసుకొని, గొడుగు పట్టుకొని రోడ్డు ఎడమ అంచున నడిచింది.

ఇనుప పట్టా తారు రోడ్డు మీద చేసే మోతకు లారీ డ్రైవర్లు తలలు బయటికి పెట్టి చూశారు. విజయవాడ బస్సులో నుంచి ఎవరో చేతులూపారు. రెండు మైళ్లు పోయేసరికి దేవకృప బండి దిగేసింది.

"నడుము విరిగిపోతోంది అత్తా. కాంతమణి జేజమ్మ ఇరవై మూడు రోజులు ఎట్లా కూర్చుందో!"

"కూర్చోలేదేమో. నడిచే ఉంటుంది," అంది మేబెల్. ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. చిన్నప్పటి నుంచి ఈ కథ ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ప్రతిసారీ అందులో నోవహు తోలుతుంటాడు, కాంతమణి కూర్చుని ఉంటుంది. రోడ్డు మీదికొచ్చిన గంటలోనే ఆ బొమ్మ మారిపోయింది.

ఇద్దరూ కలిసి నడిచారు. దేవకృప ఎం.ఎస్సీ. చదువుతోందట. బడిలో పాఠాలు చెప్పాలని ఉందట. నాన్న బ్యాంకు పరీక్షలు రాయమంటున్నాడట. మేబెల్ నలభై ఏళ్లు టీచరుగా చేసింది. చెప్పాల్సినవి బోలెడున్నాయి, అడిగేవాళ్లే ఇన్నాళ్లూ లేరు. బాటసింగారం వచ్చేదాకా చెప్పింది. ముందు నడుస్తున్న ఆర్థర్ వెనక్కి తిరగకుండానే అడుగు నెమ్మది చేయడం ఆమె గమనించింది. వినడానికే కావచ్చు.

రెండో రోజు ఉదయం పెద్ద అంబర్‌పేట దగ్గర వీరయ్య ఒక్కసారిగా పగ్గాలు లాగి బండి ఆపాడు. కుడివైపు ఎద్దు ముందుకాలు నేల మీద మోపలేక ఎత్తి పట్టుకుంది. వీరయ్య దిగి గిట్ట చూశాడు.

"లాడం ఊసిపోయింది. రాయి గుచ్చుకున్నది. ఇగ నడ్వదు సార్."

"ఎంతసేపు?" అన్నాడు ఆర్థర్ కాగితం తీస్తూ.

"ఎంతసేపంటే ఏం జెప్పాలె? లాడం గొట్టేటోడు రావాలె. కొట్టినంక సుత ఇయ్యాల నడిపియ్య. రేపు పొద్దుగాల సూద్దాం."

కొత్త చర్చి కార్యదర్శి ప్రభుదాస్ అప్పటికే ఫోన్ తీశాడు. "బ్రదర్, సింపుల్. ఒక డీసీఎం లారీ మాట్లాడతా. బండి, ఎడ్లు ఎక్కించేద్దాం. తార్నాకలో దించి అక్కణ్నుంచి నడిపిద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

పాత చర్చివాళ్లలోనూ సగం మంది తలలూపారు. ఊరేగింపుకు ముఖ్య అతిథి వస్తాడు, ఫొటోలుంటాయి.

"నాకు తెలుస్తుంది," అంది మేబెల్. ఆమె బ్రహ్మచారి వైపు తిరగలేదు. పదకొండేళ్ల తర్వాత తమ్ముడి ముఖంలోకి చూస్తూ మాట్లాడింది. "లారీలో ఎక్కించడానికైతే ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? బొమ్మ బండి చేయించుకుంటే సరిపోయేది."

"అక్కా, నాలుగింటికని మాటిచ్చాం. అందరూ ఎదురుచూస్తుంటారు."

"కుంటుతున్న ఎద్దును లారీ ఎక్కించి, దింపి, మళ్లీ జనం ముందు నడిపిస్తావా?"

"నువ్వు ఎప్పుడూ ఇంతే! నువ్వు అన్నదే న్యాయం. అమ్మ దగ్గర కూడా అంతే చేశావు. నా పాస్టర్‌ను ఒక్క మాట ప్రార్థన చేయనిస్తే మీ చర్చి ఏం కూలిపోయేది?"

చుట్టూ ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. వీరయ్య ఎద్దు గిట్ట పట్టుకొని తల వంచుకున్నాడు. లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది.

మేబెల్ రోడ్డు పక్కన మూసి ఉన్న మెకానిక్ షాపు అరుగు వైపు నడిచింది. ఆర్థర్‌ను రమ్మనలేదు గాని ఆర్థర్ వచ్చాడు. ఆమె గొడుగు మూసి పక్కన పెట్టింది.

"నీతో ఒకటి చెప్పాలి," అంది. "చెప్పాక నువ్వు నాతో మళ్లీ మాట్లాడకపోయినా సరే."

ఆర్థర్ నిలబడే ఉన్నాడు.

"అమ్మ పోయే ముందు రోజు నాతో ఒక మాటంది. 'ఇద్దరు పాస్టర్లనూ పిలవండి, ఇద్దరూ ప్రార్థన చేయాలి' అంది. తెలివిలోనే ఉంది. స్పష్టంగా చెప్పింది. నేను మా పెద్దలతో అన్నాను. వాళ్లు కుదరదన్నారు. కొత్తవాళ్లను రానిస్తే చీలికను ఒప్పుకున్నట్టవుతుందన్నారు. నేను భయపడ్డాను. స్త్రీల సమాజం నా చేతిలో ఉంది, బడి ఉంది. ఎదురు చెబితే ఒంటరిదాన్నవుతానని... నోరు మూసుకున్నాను. నువ్వు అక్కడ అరుస్తున్నప్పుడు కూడా మూసుకునే ఉన్నాను. అమ్మ కోరింది నువ్వు అడుగుతున్నదే అని తెలిసి కూడా."

ఆర్థర్ తలపాగా తీశాడు. దాన్ని రెండు చేతుల్లో పట్టుకొని రోడ్డు వైపు తిరిగాడు. తర్వాత గబగబా నడిచి, చౌటుప్పల్ వైపు పోతున్న ఒక బస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కేశాడు.

మేబెల్ అరుగు మీదే కూర్చుంది. దేవకృప వచ్చి పక్కన కూర్చుంది. సీసాలో నీళ్లిచ్చింది.

"మీ నాన్న వెళ్లిపోయాడు," అంది మేబెల్.

"వస్తాడు అత్తా. బండి ఇక్కడుంది కదా. గార్డు బండిని వదిలి పోడు."

బ్రహ్మచారి, వీరయ్య కలిసి ఎడ్లను విప్పి నీడకు తోలారు. సగం మంది బస్సులెక్కి ఇళ్లకు పోయారు. ప్రభుదాస్ పోలేదు. వేడి నీళ్లు, పసుపు కావాలని వీరయ్య అడిగితే పక్క హోటల్‌కు వెళ్లి తనే తెచ్చాడు. ఎద్దు గిట్టలోంచి రాయి తీస్తుంటే దాని కొమ్ములు పట్టుకున్నది కూడా అతనే. ఇస్త్రీ చొక్కా అంతా చొంగ అయింది. మేబెల్ చూసీ చూడనట్టు అవతలికి తిరిగి నవ్వుకుంది.

రెండున్నర గంటలు గడిచాయి. పన్నెండు దాటాక ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి లాడాలు కొట్టే ముసలాయన, పనిముట్ల సంచీ, ఆ వెనక ఆర్థర్ దిగారు. ఆర్థర్ కోటు దుమ్ము కొట్టుకుపోయింది. ముసలాయనను వీరయ్యకు అప్పగించి అరుగు దగ్గరికొచ్చాడు. ఈసారి కూర్చున్నాడు.

"ఆ రోజు నేను వెళ్లిపోలేదు," అన్నాడు. "సమాధుల దొడ్డి గోడ అవతల నిలబడ్డాను. మీరందరూ పోయాక లోపలికొచ్చాను. కాపలా మనిషి నన్ను చూసి పార పక్కన పెట్టి పోయాడు. ఒక్కణ్నే మట్టి వేసుకున్నా, ఒక్కణ్నే ప్రార్థన చేసుకున్నా. అంటే అమ్మ అడిగింది సగం జరిగింది. ఆమెకు తెలుసో లేదో."

మేబెల్ కళ్లు తుడుచుకుంది. "నన్ను క్షమించు ఆర్థర్."

"బస్సులో చాలా కోపమొచ్చింది. చౌటుప్పల్ దాకా నిన్ను తిట్టుకుంటూనే ఉన్నా. దిగాక ఒకటి గుర్తొచ్చింది. నువ్వు వచ్చి అమ్మ మాట చెప్పినా, మా పెద్దలు కూడా పాత చర్చి పాస్టర్ పక్కన మా పాస్టర్ నిలబడొద్దనే అనేవాళ్లు. నేను కూడా నోరు మూసుకునేవాణ్నేమో. కోపం పూర్తిగా పోలేదు. పోతుంది," అన్నాడు.

"పోయేదాకా తిట్టు. వింటాను."

"ఇప్పుడు కాదు. ఆకలేస్తోంది."

దేవకృప హోటల్ నుంచి చపాతీలు తెచ్చింది. ముగ్గురూ అరుగు మీదే తిన్నారు. తిన్నాక ఆర్థర్ జేబులోంచి కాగితం తీసి, ఆదివారం నాలుగు గంటల దగ్గర అడ్డంగా గీత గీశాడు. ఉత్సవాల వాళ్లకు ఫోన్ చేసి, "సార్, బండి లేటు. సోమవారం వస్తుంది. ఊరేగింపు మీరు కానీయండి," అన్నాడు. అవతలి వాళ్లు ఏమన్నారో గాని, "లేదు సార్, లారీ వద్దు," అని పెట్టేశాడు.

ఆదివారం ఎద్దు నేల మీద కాలు మోపింది. వీరయ్య గంటకోసారి ఆపుతూ ఉప్పల్ దాకా నడిపించాడు. వాళ్లు నాగోలు దాటుతున్న వేళకు సికింద్రాబాద్‌లో బ్యాండు మోగింది, ఊరేగింపు అయిపోయింది. ఎవరూ దాని మాట ఎత్తలేదు.

సోమవారం పోలీసులు ఆఫీసుల రద్దీ తగ్గి పదకొండు దాటాక గానీ ఉప్పల్ చౌరస్తా దాటనివ్వలేదు. ఇప్పుడు బండి వెంట ఏడుగురే ఉన్నారు. హబ్సిగూడలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఎడ్లకు ముందు నడుస్తూ ఆటోలను పక్కకు తోశాడు. తన చిన్నతనంలో తమ ఊళ్లో కూడా ఇటువంటి బండే ఉండేదని చెప్పి తార్నాక దాకా వచ్చాడు. సగం దారిలో దేవకృప వీరయ్యను అడిగి పగ్గాలు తీసుకుంది. ఎడ్లు ఆమె మాట వినలేదు. తమ ఇష్టానికే నడిచాయి. అయినా పగ్గాలు వదల్లేదు.

లాలాగూడ చేరేసరికి నాలుగున్నర. వర్క్‌షాపు సైరన్ మోగి గేట్లు తెరుచుకున్నాయి. వందల మంది పనివాళ్లు సైకిళ్లతో, టిఫిన్ డబ్బాలతో బయటికొచ్చి, ఎదురుగా చెక్క చక్రాల బండి కనబడేసరికి ఆగిపోయారు. వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. రోడ్డు నిండిపోయింది. ఎడ్లు నిలబడ్డాయి, ఇక కదల్లేదు. కుడివైపుది నెమ్మదిగా మోకాళ్లు మడిచి రోడ్డు నడిమధ్యలో కూర్చుంది.

"గది మన చారి జేసిన చక్రమేరా!" అని ఎవరో అరిచారు. చెక్కపని షాపు పాత మేస్త్రీలు ముగ్గురు వచ్చి చక్రాలు తట్టి చూశారు. ఒకాయన కింద పడుకొని ఇరుసు చూశాడు. బ్రహ్మచారి నూనె డబ్బా పట్టుకొని పక్కన నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్లు రైలు పెట్టెలు చేసినా తన పని చూడటానికి ఇంతమంది ఆగడం అదే మొదటిసారి. కమలాబాయి గుంపును తోసుకుంటూ బిందెతో వచ్చి ముందు ఎడ్లకు, తర్వాత భర్తకు నీళ్లిచ్చింది.

బండిని ఏ చర్చి ముందు ఆపాలన్న దాని మీద నెల రోజులు వాదించుకున్నారు. ఇప్పుడు ఆ ప్రశ్నే రాలేదు. ఎద్దు కూర్చున్న చోట బండి ఆగింది. కబురందుకొని పాత చర్చి పాస్టర్ స్కూటర్ మీద వచ్చాడు, కొత్త చర్చి పాస్టర్ నడుచుకుంటూ వచ్చాడు. ఒకరినొకరు చూసుకొని తటపటాయించారు.

మేబెల్ ఇద్దరి ముందుకూ వెళ్లి నిలబడింది. బడిలో ఉదయం ప్రార్థనకు నిలబడినప్పటి గొంతుతోనే మాట్లాడింది. "అయ్యగారూ, మా అమ్మ చనిపోయేటప్పుడు మీరిద్దరూ కలిసి ప్రార్థన చేయాలని కోరింది. ఆ మాట నేను దాచాను. ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను. దయచేసి చేయండి. చిన్నదైనా సరే, పనివాళ్లు ఇళ్లకు పోవాలి."

పాత చర్చి పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఆర్థర్ వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు. ఆ పెద్దాయన వెనక్కి తగ్గాడు. ముందు ఒక పాస్టర్, తర్వాత రెండో పాస్టర్ ప్రార్థన చేశారు. రెండో ఆయన మరీ పొడుగ్గా చేశాడు. వీరయ్య చేతులు కట్టుకొని ఓపిగ్గా నిలబడ్డాడు. సైకిళ్ల గంటలు మోగడం మొదలయ్యాక గాని ఆమేన్ రాలేదు.

*

ఆ తర్వాత రెండు చర్చిలూ ఒకటి కాలేదు. ఆ మాట ఎత్తినవాళ్లకు రెండు వైపులా కోపతాపాలే ఎదురయ్యాయి. కాని ఆ క్రిస్మస్‌కు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే గుంపు మాత్రం ఒకటే బయల్దేరింది. పన్నెండేళ్లలో అలా జరగడం అదే మొదలు.

బండిని ఏం చేయాలన్న చర్చ మాత్రం బండి చేరిన మర్నాడే, మంగళవారమే వచ్చింది. పాత చర్చి ఆవరణలో పెట్టాలని కొందరు, కొత్త చర్చి ముందు అద్దాల గదిలో పెట్టాలని కొందరు అన్నారు.

"అద్దాల పెట్టెల బెడ్తే రెండేండ్లల్ల చెదలు దింటయి," అన్నాడు బ్రహ్మచారి. "బండి నడిస్తేనే బతుకుతది. వీరయ్యకియ్యుండ్రి."

వీరయ్య అడగలేదు. కాని ఆ మాట విన్నప్పుడు అతను చక్రం మీద పెట్టిన చెయ్యి తీయకపోవడం మేబెల్, ఆర్థర్ ఇద్దరూ చూశారు. ఇద్దరూ ఒకేసారి సరేనన్నారు. రెండు కమిటీలకు తర్వాత చెప్పుకున్నారు.

బుధవారం తెల్లవారాక వీరయ్య బండి కట్టాడు. సాగనంపడానికి అక్కాతమ్ముళ్లు ఇద్దరూ బండెక్కారు. తార్నాకలో దిగుదామనుకున్నారు గాని మాటల్లో పడి హబ్సిగూడ దాటిపోయారు. బ్యాంకు పరీక్షల గురించి వాదించుకుంటున్నారు. "ఆ పిల్లకు ఏది ఇష్టమో అది చేయనీ," అని మేబెల్, "టీచరు జీతం నీకు తెలియదా అక్కా," అని ఆర్థర్. ఉప్పల్ దగ్గర వీరయ్యే బండి ఆపి, "ఇగ దిగుండ్రి సార్, లేకుంటే మా ఊరికే వస్తరు మీరు," అన్నాడు.

బండి మలుపు తిరిగేదాకా చూసి ఇద్దరూ రోడ్డు దాటి బస్టాపులో నిలబడ్డారు. సికింద్రాబాద్ బస్సు వచ్చింది. నిండుగా ఉంది. ఆడవాళ్ల వైపు మేబెల్‌కు సీటు దొరికింది. ఆర్థర్ వెనక కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు.

కండక్టర్ వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"లాలాగూడకు రెండు," అని మేబెల్ వెనక్కి వేలు చూపించింది. "ఆయన మా తమ్ముడు."